కొట్టు మీది.. పేరెవరిది?

అడ్వాన్సు కట్టడానికి రెండు రోజులు. ర్యాకులు కొట్టించడానికి వారం. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం నెలైనా తెమలదు. తీరా బోర్డు ఎక్కాక తెలుస్తుంది.. ఆ పేరు ఇంకెవరికో ఉందని!

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ పక్కన ఓ బిర్యానీ హోటలుంది. పేరు బావర్చి. సినిమా వదలగానే సగం జనం అటే నడుస్తారు. ఆ హోటల్ వాళ్లు ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతూ వచ్చారు.. మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు మొర్రో అని. మరి ఊరూరా కనిపించే బావర్చిలు? అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు చేరిన ప్రతి ఊళ్లో వెలిసిన బావర్చిలు? ఆ లెక్కన అవన్నీ వేరేవాళ్లవే!

బావర్చి అంటే ఉర్దూలో వంటవాడు. అంతే. వంటవాడు అన్న మాటను ‘ఇది నాదొక్కడిదే’ అని ఎవరనగలరు? బిర్యానీకి పేరొచ్చింది. పేరుకు బిర్యానీ వల్ల విలువొచ్చింది. ఆ విలువను మాత్రం అందరూ తలా కాస్త పంచుకున్నారు.

‘స్వగృహ’ కథా ఇంతే. ఇంట్లో చేసినట్టే ఉంటాయి అని చెప్పడానికి అంతకన్నా మంచి మాట దొరకదు. ఎంత మంచి మాటంటే.. ఇప్పుడు హైదరాబాద్‌లో అది ఓ కొట్టు పేరే కాదు. ‘సందు చివర స్వగృహలో జంతికలు పట్టుకురా’ అంటే ఏ స్వగృహ అని ఎవరూ అడగరు. అరిసెలు, సున్నుండలు, కారప్పూస అమ్మే ప్రతి చోటూ స్వగృహే. మాట గెలిచింది. దాన్ని ముందు బోర్డు మీద రాయించినవాళ్ల సంగతి ఎవరికి గుర్తు?

ఒక్కొక్కరిది ఒక్కో మాట

ఈ సంగతులన్నీ మన ఇళ్లలో పేరు పెట్టే వేళ ఎవరికీ గుర్తుకురావు. ఓ ఇంట్లో పిన్ని ఆవకాయ పెడితే వీధంతా ఘుమఘుమలాడుతుంది అనుకుందాం. ‘ఇంట్లో ఎన్నాళ్లమ్ముతావ్, కొట్టు పెట్టెయ్’ అని అందరూ ఎక్కించారు. డ్వాక్రా సంఘం నుంచి కొంత అప్పు పుట్టింది. ఇక పేరు. రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ చేరారు.

‘‘ఇందులో ఆలోచించేదేముందమ్మా! శ్రీలక్ష్మీ వెంకటేశ్వర పికిల్స్ అని పెట్టు. స్వామే చూసుకుంటాడు’’ అన్నారు మామగారు.

‘‘ఆ పేరుతో మన పేటలోనే ఆరు కొట్లున్నాయి తాతయ్యా! ‘స్పైసీ బైట్స్’ అని పెట్టు పిన్నీ, అదిరిపోతుంది’’ అన్నాడు డిగ్రీ చదివే కుర్రాడు.

‘‘ఏ పేరైనా పెట్టుకో వదినా. ఇంగ్లిష్‌లో చివర ఇంకో ‘ఎ’ మాత్రం కలుపు. మా ఆఫీసులో ఒకాయన లెక్కలు కట్టి చెబుతాడు’’ అన్నాడు మరిది.

‘‘ఆవకాయ తినేవాళ్లు బోర్డు చూసి తింటారేంటి?’’ అని బాబాయి విసుక్కున్నాడు.

ఎవరి మాటలోనూ పూర్తిగా తప్పు లేదు. అయితే అడగాల్సిన రెండు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ఈ పేరు ఇప్పటికే ఇంకెవరికైనా ఉందా? రేపు పచ్చళ్లకు పేరొచ్చాక ఇంకెవరైనా ఇదే బోర్డు పెడితే ఆపగలమా?

దేవుడు అందరివాడు

మన బజార్లలో ఏ వీధి చూసినా దేవుళ్లే. కనకదుర్గా ఫ్యాన్సీ, సాయిబాబా మెడికల్స్, ఆంజనేయా టైర్ పంక్చర్స్, అన్నపూర్ణా మెస్. బోణీ చేసేముందు దండం పెట్టుకునే అలవాటే బోర్డెక్కింది. అందులో భక్తి ఉంది. భయమూ ఉంది. ఇంకో చిన్న సౌకర్యం కూడా ఉంది.. దేవుడి పేరు పెడితే ఇంట్లో తగాదా ఉండదు. పెద్దకొడుకు పేరు పెడితే చిన్నకొడుకు మూతి ముడుచుకుంటాడు. వెంకన్న పేరు పెడితే ఎవరేమంటారు?

తగాదా రానిది ఇంట్లోనే. వీధిలో మాత్రం ఆ పేరు మిమ్మల్ని పక్కవాడి నుంచి వేరు చేసి చూపించదు. రామాయణం పేరునే తన సొంత ట్రేడ్‌మార్కుగా చేసుకోవాలని ఓ అగరుబత్తుల వ్యాపారి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2015లో కోర్టు కుదరదంది. పవిత్ర గ్రంథం పేరు మీద ఒక్కరికే గుత్తాధిపత్యం ఇవ్వలేమంది. దానికి ముందో వెనకో ఇంకో మాట చేర్చి, అది ప్రత్యేకంగా కనబడేలా చేసుకుంటే అది వేరే సంగతి. కాబట్టి దేవుడి పేరు వద్దని కాదు. దేవుడి పక్కన మీదంటూ ఓ మాట ఉండాలి.

దేవుడి పేరైనా పెట్టుకోవచ్చుగానీ జాతిపిత పేరు అలా కుదరదు. మహాత్మాగాంధీ, ఛత్రపతి శివాజీ, నెహ్రూ, ఇందిరాగాంధీల పేర్లను, బొమ్మలను ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని చట్టమే ఉంది. చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని ఆపడానికి 1950లో చేసిన చట్టమది. ఆ సంగతి తెలియక పెట్టిన బోర్డులు మీ ఊళ్లోనూ ఒకటో రెండో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

బోర్డు మీద ఒకటి.. నోట్లో ఒకటి

కాకినాడ వెళ్లి శ్రీకృష్ణ విలాస్ ఎక్కడని అడగండి. రిక్షా అతను కూడా ఓ క్షణం ఆలోచిస్తాడు. సుబ్బయ్య హోటల్ అనండి.. మారు మాట్లాడకుండా తీసుకెళ్లి దింపుతాడు. అరిటాకు భోజనాలకు పేరు మోసిన ఆ హోటల్ అసలు పేరు శ్రీకృష్ణ విలాసే. కొసరి కొసరి వడ్డించిన మనిషి పేరే జనానికి గుర్తుంది. విజయవాడలో బాబాయ్ హోటల్ పేరు వింటేనే వెన్న వేసిన ఇడ్లీ కళ్లముందు కదులుతుంది. బాబాయ్ అన్నది ఓ పేరా, పిలుపా? పిలుపే పేరైపోయింది. అయితే పిలుపు కాబట్టే ఆ తర్వాత చాలామంది హోటళ్లవాళ్లు ‘బాబాయ్’లైపోయారు.

పుల్లారెడ్డి మిఠాయిలు చూడండి. 1948లో కర్నూలులో మొదలైన వ్యాపారం. అందులో కవిత్వం లేదు, ఇంగ్లిషు లేదు, లెక్కలు లేవు. మనిషి పేరు, పక్కన నేతి మిఠాయిలు. నెయ్యి బాగోకపోతే తిట్టేది ఆయన్నే! సొంత పేరు పెట్టుకోవడంలో ఉన్న ధైర్యమదే. సొంత పేరును నిజాయతీగా వాడుకునే హక్కు మన చట్టం కూడా గుర్తిస్తుంది. ఇంటిపేరు కలిసిందని పేరున్న కంపెనీ నీడలోకి దూరితే మాత్రం ఒప్పుకోదు. గుజరాత్‌లో మహేంద్ర అండ్ మహేంద్ర పేపర్ మిల్స్ అని పెట్టుకున్నవాళ్లకు సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. జీపులు చేసే మహీంద్రా అండ్ మహీంద్రా వాళ్లు కేసు వేశారు మరి. ఒకరిది కాగితం, ఒకరిది జీపు అయినా సరే, జనం రెండూ ఒక్కటే అనుకుంటారని 2001లో తీర్పొచ్చింది.

కొన్ని పేర్లు ఎవరూ పెట్టకుండానే చేతులు మారతాయి. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ అనే సినిమాహాలు ఉండేది. 1953లో అందులో చిన్న క్యాంటీన్‌లా మొదలైంది ఇప్పటి ప్యారడైజ్ హోటల్. హాలు పోయింది. హోటల్ పెరిగింది. ఆ తర్వాత చుట్టుపక్కల ప్రాంతానికే ఆ పేరొచ్చింది. ఇప్పుడక్కడ మెట్రో రైలు దిగితే స్టేషన్ పేరూ ప్యారడైజే! రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ కేఫ్‌ది ఇంకో దారి. పక్కనున్న పిల్లల ఆసుపత్రి పేరు నీలోఫర్. ఆ ఆసుపత్రికి ఆ పేరు నిజాం కోడలు నీలోఫర్ యువరాణి వల్ల వచ్చింది. యువరాణి పేరు చివరికి ఉస్మానియా బిస్కెట్ల డబ్బా మీదకొచ్చి కూర్చుంది.

అక్షరం మార్చితే ఆగదు

ఇక సంఖ్యాశాస్త్రం. ‘ఎ’లు రెండు, ‘ఐ’ బదులు ‘వై’, చివర హెచ్.. బోర్డు చూస్తే అక్షరదోషమో, అదృష్టమో తెలియదు. నమ్మకం ఎవరిష్టం వాళ్లది. కానీ చిన్న అనుమానం. దుకాణాల చట్టం నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలి. అదీ పైన ఉండాలి. మిగతా భాషలు దాని కింద. మరి తెలుగులో ‘కావ్య’ అని రాస్తే ఆ అదనపు ‘ఎ’ ఎక్కడికి పోతుంది? అదృష్టం కింది వరసలోనే ఆగిపోతుందా?

నవ్వులాటకేం గానీ, అసలు చిక్కు వేరే ఉంది. ‘పక్కూళ్లో ఆ పేరుంది, అయినా మనం ఓ అక్షరం మార్చాంగా’ అనుకుంటారు చాలామంది. చట్టం అక్షరాలు లెక్కపెట్టదు. చెవితో వింటుంది. మామూలు మనిషి, పూర్తిగా గుర్తులేని మనిషి, కొట్టు ముందు నిలబడి పేరు పలికితే పొరబడతాడా లేదా.. అదే కొలబద్ద.

‘గ్లూకోవిటా’ అని గ్లూకోజు పొడి ఉండేది. ఇంకొకరు ‘గ్లూవిటా’ అని బిస్కెట్లు తెచ్చారు. మధ్యలో ఒక్క ‘కో’ తేడా. పైగా సరుకూ వేరు. అయినా జనం పొరబడతారనే 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకా రుచికరమైన కేసు అమృతధారది. లాహోర్‌లో పుట్టిన మందు. 1901 నుంచి అమ్మకాల్లో ఉంది. తర్వాత 1923లో కాన్పూర్ వైపు నుంచి లక్ష్మణధార వచ్చింది. అమృతం వేరు, లక్ష్మణుడు వేరు కదా అని వాళ్ల వాదన. పల్లెటూరి మనిషి అలా పదాలు విడదీసి చూడడు, పేరంతా కలిపి గుర్తుపెట్టుకుంటాడు అంది సుప్రీంకోర్టు 1962లో. పోలిక ఉందని తేల్చింది. అలాగని లక్ష్మణధారను పూర్తిగా తీసేయలేదు. అన్నేళ్లుగా నిజాయతీగా అమ్ముకుంటుంటే అవతలివాళ్లు ఊరుకున్నారు కాబట్టి ఉత్తర్‌ప్రదేశ్ వరకు ఆ పేరు ఉంచుకోమంది. ఎవరైనా మీ పేరు వాడుతుంటే ‘చూద్దాంలే’ అని ఏళ్లకేళ్లు ఊరుకోకూడదు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

మరి ఏ పేరు గట్టిది? సరుకు ఏమిటో చెప్పేసే పేరు అన్నిటికన్నా బలహీనం. తాజా కూరగాయలు, కమ్మని పచ్చళ్లు, నాణ్యమైన చీరలు.. ఇవన్నీ అందరూ వాడే మాటలు. చాలాకాలం వాడి, ఆ మాట వింటే మీరే గుర్తొచ్చేంతగా పేరు తెచ్చుకుంటే తప్ప రిజిస్ట్రేషన్ దొరకదు. నిఘంటువులో లేని మాట, సొంతంగా అల్లుకున్న మాట అన్నిటికన్నా గట్టిది. సత్యం ఇన్ఫోవే వాళ్లు రెండు మాటల్లోని అక్షరాలు ఏరి ‘సిఫీ’ అని పెట్టుకున్నారు. ఇంకొకరు ‘సిఫీనెట్’ అంటూ వస్తే 2004లో సుప్రీంకోర్టు సత్యం వాళ్ల వైపే నిలిచింది. ఇంటర్‌నెట్ చిరునామా కూడా వ్యాపార గుర్తే అని అప్పుడే తేలింది. ఇక మధ్యలో ఉన్నవి.. తెలిసిన మాటనే సంబంధం లేని సరుకుకు పెట్టడం. చెప్పుల కొట్టుకు ‘వెన్నెల’ అని పెడితే అది చెప్పుల గురించి ఏమీ చెప్పదు. అందుకే బాగా గుర్తుంటుంది.

తెలుగులో ఇలాంటి మాటలకు కరవా? రాయలసీమ రుచులు, ఉలవచారు, వివాహ భోజనంబు.. ఈమధ్య హైదరాబాద్ హోటళ్ల బోర్డుల మీద తెలుగు మళ్లీ ధైర్యంగా కనిపిస్తోంది. వినడానికి ఎంత బాగున్నాయో! అయితే ఇందాకటి లెక్క వీటికీ వర్తిస్తుంది. ఉలవచారు ప్రతి ఇంట్లో కాచుకునేదే.

ఊరి పేరు తగిలిస్తే..

ఊరి పేరు పెట్టుకుంటే సరుకుకు ఓ నమ్మకం వస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు అంటే చాలు. ఆ నమ్మకం అందరూ వాడేసుకోకూడదనే భౌగోళిక గుర్తింపు ఇస్తున్నారు. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు దక్కింది. ఇంకెక్కడో చేసి ఆ పేరు తగిలిస్తే ఇక తప్పే.

పేరులో ఊరుంటే ఆ ఊరి మంచిచెడ్డలు కూడా మోయాలి. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ 1953లో మొదలైంది. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ పెట్టింది. పోగొట్టుకున్న ఊరిని తలచుకుంటూ పెట్టుకున్న పేరది. అరవై ఏళ్లు ఫ్రూట్ బిస్కెట్లు తింటూ ఎవరికీ ఆ పేరు మీద అనుమానం రాలేదు. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్ కొట్టు ముందు గుంపు చేరింది. బోర్డు మీద కరాచీ అన్న మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో భారత్, పాకిస్థాన్ మధ్య ఉద్రిక్తతల వేళ శంషాబాద్ కొట్టు మీద దాడి చేశారు. మేం భారతీయులమే, మాది హైదరాబాద్ కంపెనీయే అని యజమానులు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవాళ్లను ఆ ఊరి పేరు ఎందుకు పెట్టుకున్నావని నిలదీయడం ఏం న్యాయం? మార్చేయొచ్చుగా అని సులువుగా అనేస్తారు కొందరు. డెబ్బై ఏళ్ల పేరు మార్చడమంటే అట్టపెట్టె మీద అచ్చు మార్చడం కాదు. వాళ్లు మార్చలేదు.

లైసెన్సు వచ్చిందిగా!

‘జీఎస్టీ ఈ పేరు మీదే తీసుకున్నాం. ఫుడ్ లైసెన్సు కూడా ఈ పేరు మీదే. ఇంకేం కావాలి?’ చిన్న వ్యాపారుల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. జీఎస్టీ పన్ను కోసం. ఫుడ్ లైసెన్సు తిండి భద్రత కోసం. లేబర్ లైసెన్సు కొట్టు కోసం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అప్పులకూ రాయితీలకూ. చివరికి కంపెనీ రిజిస్టర్ చేసినా అంతే. వీటిలో ఏ ఒక్కటీ పేరు మీద హక్కు ఇవ్వదు. ఆ పని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీది. తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నై కార్యాలయం కిందకొస్తాయి. చెన్నై వెళ్లనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు.

ముందు వెతకండి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా వెతకొచ్చు. రాసే తీరు కలిసినవే కాదు, పలికే తీరు కలిసినవి కూడా చూపిస్తుంది. సరుకులను, సేవలను 45 తరగతులుగా విడదీశారు. పచ్చళ్లు 29లో, మసాలా పొడులు, మిఠాయిలు 30లో, బట్టలు 25లో, హోటళ్లు 43లో. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. మంచి ఫ్లెక్సీ బోర్డుకూ దాదాపు అంతే అవుతుంది! అధికారులు ఒప్పుకుంటే పత్రికలో ప్రచురిస్తారు. నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నమోదు. పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ కట్టి పొడిగించుకోవాలి. పేరు పక్కన ‘టీఎం’ అని ఎవరైనా వేసుకోవచ్చు. గుండ్రంలో ‘ఆర్’ మాత్రం నమోదయ్యాకే. ముందే వేస్తే శిక్షార్హం.

రిజిస్టర్ చేయించలేదు, ఎవరో మన పేరే చేయించేసుకున్నారు.. అప్పుడు? అంతా అయిపోయినట్టు కాదు. వాళ్లకన్నా ముందు నుంచీ, ఆపకుండా మీరు వాడుతున్నారని రుజువు చేయగలిగితే మిమ్మల్ని ఆపే హక్కు వాళ్లకు లేదు. రుజువు అంటే నోటిమాట కాదు. మొదటి బిల్లు పుస్తకం, ప్రారంభోత్సవం కరపత్రం, ప్యాకెట్లు అచ్చేసిన ప్రెస్సు రసీదు, పేపర్లో వేయించిన చిన్న ప్రకటన. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు ముందు చెత్తబుట్టలోకి వెళ్లేవి ఇవే!

ఇంకో గడి మీద కూడా కాస్త ఆగండి. దరఖాస్తులో ‘యజమాని’ అని ఉంటుంది. పచ్చడి పెట్టేది ఒకరు, సంతకం చేసేది ఇంకొకరు కావడం మన ఇళ్లలో మామూలే. అన్నదమ్ములు కలిసున్నంత కాలం ఎవరి పేరైతేనేం అనిపిస్తుంది. బికనీర్‌లో 1937లో మొదలైన భుజియా వ్యాపారం హల్దీరామ్. అది గంగాబిషన్ అగర్వాల్ ముద్దుపేరు. 1974లో కుటుంబం పంపకాలు వేసుకుంది. పేరును కూడా పంచుకుంది.. పశ్చిమ బెంగాల్ వరకు ఒక శాఖకు, మిగతా దేశమంతా ఇంకో శాఖకు. కాగితం మీద రాసుకున్నారు కూడా. 1990ల మొదట్లో కోల్‌కతా వాళ్లు ఢిల్లీలో కొట్టు తెరిచారు. రెండు శాఖలూ కోర్టుకెక్కి, ఏళ్లకేళ్లు కొట్లాడుకున్నాయి. కాగితం రాసుకున్నవాళ్ల సంగతే అది.